అడుగు చూసి

ముప్ఫై ఎనిమిదేళ్ళు కొండలో మందు పేల్చాను.
వేల్స్ ఉత్తరాన, బ్లైనైలో,
కొండ పలకలు పలకలుగా ఊడి ఊళ్ళ కప్పులకెక్కింది.
పోతూ పోతూ నా చెవులు రెండూ పట్టుకుపోయింది.
అందుకే మార్చి మొదట్లో ఒక రాత్రి
పక్కింటి నెస్ట్, ఏడేళ్ళది,
టార్చిలైటు నా మొహాన వేసి
తన పలక మీద రాసి చూపించింది:
"వచ్చాయి. పాడుతున్నాయి."

కొలనంటే ఏదో అనుకునేరు.
మోర్ఫిద్ స్నానాల గదిలోంచి పీకించిన పాత ఇనుప తొట్టి.
ఆవిడ పోయిన ఏడాదికి
పెరట్లో గొయ్యి తీసి పాతాను.
అంచున నాలుగు పలకరాళ్ళు.
ఆ రాత్రి మోకాళ్ళ మీద కూచుని
ఒక రాతి మీద అరచెయ్యి ఆన్చాను.
చల్లగా ఉంది. అంతే.
"గురకలా ఉంది తాతా" అని రాసింది నెస్ట్.
మోర్ఫిద్ గురక నాకు గుర్తుంది.
సరే, అదే అనుకున్నాను.

తెల్లారేసరికి సగ్గుబియ్యం.
గిన్నెడు కాదు, బకెట్టెడు.
గింజకో నల్ల చుక్క,
వాక్యం రాయకుండానే ఎవరో పెట్టేసినట్టు.

పదకొండో తారీఖున మంచు కాటేసింది.
పైన తేలినవి ఉడికిన తెల్లసొనలా బిగుసుకున్నాయి.
అడుగునున్న వాటి కోసం
తొట్టి మీద రెండు చెక్కలు వేసి
గనికి తొడుక్కెళ్ళిన ఊలు కోటు కప్పాను.
ఇప్పటికీ దాని జేబుల్లో రాతి పొడి.

కుళాయి నీళ్ళు పొయ్యకూడదు, మందు కలుపుతారు.
మందు సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు.
వాన పీపాలోంచి చెంబు చెంబుగా పోస్తాను.
పాలకూర ఉడికించి, చల్లార్చి, చిటికెడు.
ఎక్కువేస్తే నీళ్ళు మురుగుతాయి.
తక్కువైతే ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి.
సమ్మె రోజుల్లో మేమూ అంతే.

నెస్ట్ లెక్క మొదలెట్టింది.
కప్పల తక్కెడంటే ఏమిటో
ఒక ఆదివారం మధ్యాహ్నమంతా చూశాను.
నూట నలభై. చెరిపింది.
రెండొందల ఆరు. చెరిపింది.
గోడ మీద నలుపూ తెలుపూ మాగ్‌పై పిట్ట
తన లెక్క తను చూసుకుంటోంది.

మే నెలలో వెనక కాళ్ళు, దారప్పోగుల్లా.
జూన్‌లో ముందు చెయ్యి.
లోపలున్నవాడు మోచేత్తో తలుపు తోసినట్టు
చర్మం చీల్చుకుని ఒక్కసారిగా బయటికి.
ఆ తర్వాత కొన్నాళ్ళు అవి ఏమీ తినవు.
నోరు మారుతుంటుంది,
పాతది పోయి కొత్తది రావాలి.
అందాకా తోకే తిండి.
వెనక ఈడ్చుకొచ్చిందంతా
లోపలికి తీసుకుని బతుకుతాయి.
మోర్ఫిద్ పోయిన శీతాకాలం
నేనేం తిన్నానో ఇప్పుడు తెలిసింది.

ఈత పుట్టుకతో వచ్చినవే,
ఒడ్డు దొరక్కపోతే మునిగి చస్తాయి.
ఇనుప గోడ నున్నన.
పలకరాయి ఒకటి ఏటవాలుగా నీళ్ళలోకి దించాను,
కాలు పట్టేందుకు ఉలితో గీతలు గీసి.
గడ్డి కోయడం మానేశాను.
ఎదురింటి హ్యూ గేటు దగ్గర నిలబడి
గాలిలో కొడవలి ఆడించి చూపించాడు.
తల అడ్డంగా ఊపాను.

జూలై పన్నెండున వాన.
తొట్టి అంచంతా, గడ్డంతా,
చిటికెనవేలి గోరంతేసి కప్పలు.
పలక మీది అంకె కారిపోయింది,
నెస్ట్ మళ్ళీ రాయలేదు.
ఒకటి నా బొటనవేలెక్కి కూచుంది.
గొంతు కింద చర్మం కొట్టుకుంటోంది
పలుకుతోందో, ఊపిరి తీస్తోందో.
అడుగుదామని నెస్ట్ వైపు తిరిగాను.
అడగలేదు.

పాలబ్బాయికి చీటీ రాసి గేటుకి గుచ్చాను:
సీసాలు గోడ మీదే పెట్టు.
లోపలికి రావలసొస్తే
అడుగు చూసి వెయ్యి.