రెండు వేళ్ళు

యార్డుకి వేసవి సెలవులిచ్చారు.
నెల్లాళ్ళు టిక్కీ మొయ్యక్కర్లేదు.
నెల్లాళ్ళు కూలీ కూడా రాదు.
ఆ సంగతి కరీమూన్ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
బావమరిది సుభానీ తన టాక్సీ తెచ్చి
ఏటుకూరు రోడ్డు మలుపులో హారన్ కొట్టాడు.

నఫీసా తెల్లారగట్ల నాలుగింటి నుంచీ
చెప్పులేసుకుని గడపలో కూర్చునుంది.
కుడిది ఎడమకి, ఎడమది కుడికి.
మార్చబోతే కాళ్ళు ముడుచుకుంది.

ఏసీ వేస్తే బండి లాగదు,
అద్దాలు దించితే వడగాలి.
పెదకాకాని దాటకముందే మూడుసార్లు "వచ్చేసిందా?"
నంబూరు దగ్గర పెట్రోలు బంకుని చూసి "అదేనా?"
కాజ టోలుగేటులో
చారల కర్ర గాల్లోకి లేచేసరికి
సీటు మీద నిలబడి చప్పట్లు కొట్టింది.
"మామా, ఇంకోసారి! ఇంకోసారి ఎక్కుదాం!"
"దీనికీ టికెట్టు కట్టామే తల్లీ" అన్నాడు సుభానీ.
మంగళగిరి కొండ కాసేపు మాతో వచ్చి
పనేదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

టమాటా అన్నం గిన్నె పార్కులోకి రానివ్వమన్నారు.
ఏదో స్కూలు బస్సు నీడలో నిలబడే తినేశాం,
పదిన్నరకి మధ్యాహ్నం భోజనం.
గోడవతల ఒక రైలు తలకిందులుగా
జనంతో సహా కేకలు పెడుతోంది.

పాపకి నచ్చింది అది కాదు, ఆకుపచ్చ మొసలి బండి.
దాని ముందొక చెక్క జిరాఫీ,
మెడ మీద ఎర్రగీత.
గీతకి తల తగలాలి.
మునివేళ్ళ మీద లేచింది, తిరగేసిన చెప్పులకి తూలింది.
వాళ్ళమ్మ పిలక విప్పి ఇంకాస్త ఎత్తుగా కట్టింది.
అక్కడి కుర్రాడు, వాడికీ పద్దెనిమిది నిండవు,
చెయ్యి అడ్డం పెట్టి చూసి
మొహం పక్కకి తిప్పుకుని చెప్పాడు:
"రెండు వేళ్ళు తక్కువండీ."

టోలుగేటు కర్రలాగా
ఆ గీత కూడా లేస్తుందేమోనని
చాలాసేపు జిరాఫీనే చూసింది.
తర్వాత ఏడ్చింది.

చాపిన చెయ్యి నేను సగంలో ఆపుకున్నాను.
సెలవులిచ్చి నాలుగు రోజులైనా
మిరప ఘాటు వేళ్ళు వదల్లేదు.
గోళ్ళ సందుల్లో ఏడాదంతా కాపురముంటుంది.
నా కూతురి కన్నీళ్ళు
పుట్టినప్పటి నుంచీ నేను తుడిచింది లేదు.
మోచేత్తో, చొక్కా భుజంతో, అంతే.
వాళ్ళమ్మ కొంగుతో తుడుస్తుంటే
పక్కన గొంతుక్కూర్చుని ఊదాను,
కంట్లో నలక పడితే ఊదినట్టు.

నీళ్ళ దగ్గర కొలతల్లేవు.
చీలమండ లోతు, ఎవరైనా దిగొచ్చు.
మధ్యాహ్నమంతా అది గంతులేస్తుంటే
గట్టు మీద కూర్చుని
రెండు చేతులూ ముంచి ఉంచాను.
బయటికొచ్చాక, కరీమూన్ తువ్వాలు పిండుతుండగా,
చూపుడువేలు నా కంటికి తాకించి చూశాను.
మండింది.
కొంచెమే.

తిరిగొచ్చేప్పుడు గేటు కర్ర లేచింది.
"లేపవయ్యా, చూస్తుంది" అంది కరీమూన్.
లేపబుద్ధి కాలేదు.

నలభై అయిదు కిలోల టిక్కీని
ఒక్క ఊపున లారీ ఎక్కించే వీపు
పదహారు కిలోల నిద్రని మోస్తూ
మేడమెట్ల మీద రెండుసార్లు ఆగింది.
మెడకి దాని వెచ్చటి ఊపిరి,
నా రెండు వేళ్ళకి వేలాడుతూ
దాని తడి చెప్పులు.