జలగడుగు

రాజుల నగల చరిత్ర
మా ఇంట్లో తడిగా ఉండేది.
గోలెం అడుగున, నల్లగా.
ముట్టుకుంటే గోళ్ళలో మిగిలేది.

విజయనగరం కంసాలి వీధిలో
కోడి కుయ్యకముందే మా మామ్మ చీపురు పడేది.
కుంపటి బూడిద, కాలవ బురద,
గడపల సందుల్లో మన్ను,
ఆచార్లు పంచెలు జాడించిన నీళ్ళు కూడా
ఏడాదికింతని లెక్కగట్టి కొనుక్కునేది.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
పెంట మీద దొర్లించి పెట్టిన పేరు, పెంటమ్మ.
ఆ పేరుతోనే బతికింది, ఆ పెంటలోనే.

మరిగెలో మన్నేసి నీళ్ళు తిప్పుతుంటే
తేలికైనవి అంచు దాటి పోయేవి,
బరువైనవి అడుగున నక్కేవి.
పాదరసం పోసి అరచేత్తో మర్దించి
గుడ్డలో పిండి నిప్పు మీద పెడితే
ఆవగింజంత వెలుతురు.
అదే మాకు నూకలు, ఉప్పు, ఒక్కోసారి బెల్లం.

కోట గుమ్మం ఆమె ఎన్నడూ తొక్కలేదు.
తొక్కక్కర్లేదు.
కొండల కింది దివాణం నుంచి
సన్యాసాచారి గారింటికి పనొచ్చిందంటే
బూడిదే చెప్పేది.
మెత్తటి పొడి రాలితే ఆకురాయి వంకీల మీద నడిచినట్టు.
పట్టుపోగు చిక్కితే కాసులపేరు మళ్ళీ గుచ్చినట్టు.
వెలిగారం పొక్కులు ఎక్కువైతే
కొత్తవి మానేసి పాతవాటికి అతుకులేస్తున్నట్టు.
వెండి రజను పడితే, పసివాడికి మువ్వలు.
ఆ మువ్వలే ఆర్నెల్లకి కరగడానికొస్తే
ఇంక అడక్కూడదు.

"పేపరోళ్ళకి రేపు తెలుస్తాది గుంటా,
నాకు నిన్ననే తెలిసిపోనాది" అనేది.

జమీలు రద్దయిన ఏడు
గుర్రం మెడలో గంట విప్పేసి
అర్ధరాత్రి ఒక జట్కా ఆగింది.
ముందు మండింది బంగారం కాదు, లక్క.
భుజకీర్తుల డొల్లలో తరాలుగా కూరిన లక్క.
శవం వెళ్తుంటే మూసినట్టు
వీధంతా కిటికీలు మూసుకుంది.
కంటెలు, నాగొత్తులు, జడబిళ్ళ, దండకడియాలు
ఒకే మూసలో
ఒకదాని పేరొకటి మరిచిపోయాయి.
ఆఖర్న కలికితురాయి.
మూడు యుద్ధాలు చూసిందని భట్రాజులు పాడినది,
పట్టకారులో తలకిందులుగా.

ఆ నెల బూడిద బరువుకి మా తట్ట అడుగు ఊడింది.

అందులోనే దొరికింది కెంపు.
కందిబద్దంత. ఒక మూల పగిలి.
దాచుకోలేదు, కొంగున ముడేసి తీసుకెళ్ళి
ఆచారి ముందు విప్పింది.
ఆయన భూతద్దం కంటికి ఆనించి
దీపం వత్తి రెండుసార్లు ఎగదోశాడు.
"గాజే, పెంటమ్మా.
అసలుది ఏ తాత హయాములోనో
ఏ షావుకారు పెట్టెలోకో ఎళ్ళిపోనాది.
ఎన్ని పట్టాభిషేకాలు దీంతో గడిచాయో."
ఇద్దరూ నవ్వలేదు.
"ఉంచుకో" అన్నాడు.

ఇత్తడి ముక్కుపుడకలో పొదిగించుకుంది.
దివాణం గోడల మీద రావిమొక్కలు మొలుస్తుంటే
కలికితురాయి కెంపు
ఎండుచేపల బజారుకెళ్ళింది,
అర్ధణా కోసం గొంతు చించుకుంది,
జలుబు చేస్తే చీదింది,
అడ్డపొగ లాగినప్పుడల్లా
నోట్లో నిప్పు పక్కనే వేడెక్కింది.
రాజుల తల మీద అన్ని ఊళ్ళు చూసిందో లేదో.

పాదరసం తాగిన చేతులు
చివరి రోజుల్లో గ్లాసు పట్టనిచ్చేవి కావు.
నీళ్ళు ఒలికేవి. మేం తుడిచేవాళ్ళం.
ఏ దివాణం చిట్టాలోనూ ఆ వణుకు జమకాలేదు.

పోయినప్పుడు
ఇత్తడేగా అని ఎవరూ తీయలేదు.

మూడోనాడు చంపావతి ఒడ్డున
అస్థికలు ఏరుతూ మా నాన్న
అలవాటు కొద్దీ
బూడిదని కొత్త చట్టిలోకి ఎత్తాడు.
నీళ్ళు పోసి తిప్పాడు.
ఒకసారి.
రెండోసారి.
అడుగున ఎర్రగా ఏదో.

చూశాడు.
చట్టి వంచేశాడు.