సంచుల కాపరి

ఓర్లాండోలో జూలై, మధ్యాహ్నం రెండున్నర.
తారురోడ్డు మీద గాలి
పెనం మీద నూనెలా వణుకుతోంది.
శశిభూషణ్, పిల్లలిద్దరూ
తలకిందులయ్యే బండెక్కడానికి
తొంభై నిమిషాల వరుసలో నిలబడ్డారు.
నాకు ఊయలెక్కినా కళ్ళు తిరుగుతాయి.
కాబట్టి ఏ పార్కుకెళ్ళినా నా ఉద్యోగం ఒకటే:
నాలుగు సంచులు, మూడు టోపీలు,
ఒక తడి తువ్వాలు,
ఎవరో సగం కొరికిచ్చిన ప్రెట్జెల్.

ఎనిమిదేళ్ళ కాపలా ఇది.
ఈ ఎనిమిదేళ్ళలో ఇటలీ పేరు చెప్పి
నా ముందు పెట్టినవన్నీ గుర్తున్నాయి.
ఒకచోట అట్టముక్క మీద చీజు కరగబోసి
పిజ్జా అన్నారు.
ఒకచోట, గంజిలో మర్చిపోయిన సేమ్యాలాంటి స్పగెట్టీని
ఐస్‌క్రీం గరిటెతో తీసి
కాగితప్పళ్ళెంలో పడేశారు.
దగ్గుమందంత తియ్యటి సాసు కూడా తాగాను.
ఆకలి రుచి ఎరగదంటారు.
ఎరుగుతుంది.
నోరు మూసుకుంటుందంతే.

మూడింటికి ఫ్లోరిడా వాన వచ్చింది,
రోజూ అదే వేళకి
చెప్పి మరీ వచ్చే చుట్టంలా.
పిడుగుల భయానికి బండ్లన్నీ ఆపేశారు.
రేకుల కింద ఇరుక్కున్నామని మెసేజ్.
"బయటికొస్తే వరుస పోతుంది. నువ్వెక్కడైనా కూర్చో."

సంచులెత్తుకుని
ఎదురుగా కనబడ్డ వెనిస్‌లోకి పరిగెత్తాను.

వెనిస్ అంటే ఫైబర్ గోడలు,
వాటి పగుళ్ళు కూడా రంగుతో గీసినవే.
మోకాలి లోతు కాలవ, అడుగున చిల్లర నాణేలు,
దుమ్ము పట్టిన ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు,
పొద్దు ఎప్పటికీ గుంకని నీలం పైకప్పు.
ఆ ఆకాశంలో ఒక ఏసీ గొట్టం
నోరు తెరుచుకుని ఉంది.

"ఎంతమంది?" అంది గుమ్మంలో పిల్ల.
అలవాటుగా నలుగురనబోయి
సంచులకేసి చూసి
"ఒక్కదాన్నే" అన్నాను.
ఆ మాట కొత్త చెప్పులా కరిచింది.

మెనూలో వంకాయ కనిపించింది,
పరాయి బస్టాండులో
మన వీధి మనిషి కనబడ్డట్టు.

మట్టిపాత్రలో వచ్చింది,
అంచుల్లో ఇంకా బుడబుడమంటూ.
పలచగా కోసి వేయించిన వంకాయ, మీద టమాటా,
మీద చీజు, మళ్ళీ వంకాయ,
పెళ్ళివారింట్లో పరుపులు పేర్చినట్టు.
నమ్మకం లేక చిన్న ముక్కే తీసుకున్నాను.
వంకాయ మాడిన అంచు దగ్గర కాస్త చేదు.
దాన్నెవరూ దాచలేదు.
పులుపు పులుపులానే ఉంది,
చక్కెర పోసి బుజ్జగించలేదు.
ఏదో ఆకు. తులసి కాదు,
తులసికి మేనత్త కూతురేమో.
అన్నిటి అడుగున కారం,
ఆలస్యంగా వచ్చి
గొంతులో కుర్చీ వేసుకు కూర్చుంది.

రెండో ముద్దకి సంచులు బల్ల కిందికి తోశాను.
నాలుగో ముద్దకి ఫోను బోర్లా పెట్టాను.
ఎవరికీ ఒక ముక్క తీసి పక్కన పెట్టలేదు.
ఎవరో వదిలేస్తే చల్లారిన సగం కాదిది.
నాలిక కాలింది.
కాలనిచ్చాను.

రొట్టెతో అడుగు తుడిచి
అంటుకున్న చీజుని చెంచాతో గీకుతుంటే
వంటగది కిటికీలోంచి ఒకావిడ నవ్వింది.
ఛాతీ మీద పేరు: డెల్ఫీన్.
కింద ఊరు: పోర్ట్-ఓ-ప్రిన్స్.

"ఇటలీలో నేర్చుకున్నారా?"
"ఇటలీ నేను చూడలేదు.
ఇదే నా ఇటలీ.
పొద్దున పదింటికి తెరుస్తారు."
"మరి ఆ కారం?"
మేనేజరున్న వైపు ఓ చూపు విసిరి
గొంతు తగ్గించింది.
"అది మా అమ్మది. వాళ్ళ కాగితంలో లేదు."

బిల్లు ఇరవయ్యారు డాలర్లు.
పదహారేళ్ళలో మొదటిసారి
రూపాయల్లోకి మార్చకుండా సంతకం పెట్టాను.

వాన వెలిశాక ఎప్పటికో వచ్చారు,
జుట్లు చెదిరి, ఒకరి మాట మీద ఒకరు పడుతూ:
అంత ఎత్తునుంచి, ఒక్కసారిగా,
ప్రాణం పోయిందనుకున్నాం, అమ్మా, నువ్వు చూడాల్సింది!
మేఖల మ్యాపు విప్పి ఆగింది.
"ఇక్కడీ ఎర్ర మరకేంటి?"

తలా ఒక సంచీ అందించాను.
బరువు చూసి ముగ్గురూ నాకేసి చూశారు.
"మాకేమన్నా తెచ్చావా?" అన్నాడు శశిభూషణ్.

కారం ఇంకా
కుర్చీలోంచి లేవలేదు.

"లేదు" అన్నాను.