చిలుము

మస్కట్‌ల, వాదీ కబీర్‌ల మా షెడ్డు.
జూన్ నెల, పొద్దున పది కాకముందే
పానా పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమంటది.

కారు తెచ్చినామె పేరు ముజ్నా.
బడిల లెక్కలు చెప్తదట.
డ్రైవరు సీటు బాగ వెనక్కి పోయి బిగుసుకున్నది.
నెల దినాలసంది
వీపెనక రెండు దిండ్లు పెట్టుకొని
అంచు మీద కూసొని నడుపుతున్నదట.
దిండ్లు చంకల ఇరికించుకొనే దిగింది.

కరెంటు సీటు ఊడదీసుడు అల్కటి పని గాదు.
బోల్టులు దొరకాల్నంటే సీటు ముందుకు రావాలె,
ముందుకు రావాల్నంటే మోటరు తిరగాలె,
మోటరు తిరగాల్నంటే దాని తీగ దొరకాలె,
తీగ దొరకాల్నంటే సీటు ఊడాలె.
షేర్‌జమాన్ ఉస్తాద్ మీసంల నవ్విండు:
తాళంచెవి పెట్టె లోపట, తాళం పెట్టె బయట.

గడప మీద చెంప ఆనిచ్చి పండి
చెయ్యి లోపటికి తోసి తడిమిన.
మోటరుకాడి రెండు తీగలకు
పాత బ్యాటరీ నుంచి సక్కగ కరెంటిచ్చిన.
గుర్రుమన్నది.
పండుకున్న బర్రె లేసినట్టు
ఇంత, ఇంకింత, జరిగింది.

గప్పుడు బ్యాటరీ తీగ ఊడబీకి
పది నిమిషాలు ఆగినం.
పచ్చ ప్లగ్గు ఎయిర్‌బ్యాగుది, దాన్తోని పరాచికం వద్దని
కొత్త పిలగాడు తోఫాజుల్‌కు చెప్పిన.
ఆ పది నిమిషాలే మా సులేమానీ చాయ్.

నాలుగు బోల్టులు.
సీటును లేపుడంటే పడిపోయిన మనిషిని లేపినట్టే,
నడుము కాడ ఒకడు, భుజాల కాడ ఒకడు.

కింద ఖర్జూర గింజలు,
యాభై బైసాల బిళ్ల,
సాంబ్రాణి పలుకు,
ఒక అద్దం ఊడిన మగోళ్ల కళ్లజోడు.
టిష్యూ డబ్బల వేసి పక్కకు పెట్టిన.

బట్ట మీద వేలొత్తితే నీళ్లు!
"వాదీల దింపినవా కారు?" అని అడిగిన.
వానపడి ఏడాదాయె అన్నది.
(ఆమె పేరుకు వానమబ్బు అని అర్థమట,
ఉస్తాద్ తర్వాత చెప్పిండు.)
ఆ నీళ్లు చల్లగున్నయి.
అప్పుడు తెలిసింది.
ఏసీ నీళ్లు పోయే సన్న గొట్టంల దుమ్ము పేరుకొని
బయట పడాల్సిన చుక్క లోపట పడ్డది,
దినాం కొన్ని చుక్కలు.
బయట నలభై ఏడు డిగ్రీలు.
తీగ చచ్చింది చల్లదనానికి.

రాగికి పచ్చటి చిలుము.
చెంబుకైతే చింతపండు పెట్టి తోమొచ్చు,
తీగకు తోముడు లేదు, కోసుడే.
అంగుళం కోసిన, నలుపు.
ఇంకో అంగుళం, నలుపే.
ఎర్రగ మెరిసేదాంక కోసుకుంట పోవాలె,
పాణమున్న కాడ ఆగాలె.
మెట్‌పల్లిల బోరు మోటర్లకు వైండింగు చేసినోణ్ని,
రాగి మొఖం చూస్తె దాని వయసు చెప్త.
అక్కడ బోర్లల్ల నీళ్లు ఎండి నా పని పోయింది.
ఇక్కడ నీళ్లు పడితేనే నాకు పని.

కొత్త ముక్క అతికి, టంకం పెట్టి,
నల్ల గొట్టం తొడిగి సెగ చూపిన.
ఏసీ గొట్టంలకు గాలి కొడితే
చాయ్ రంగు నీళ్లు భళ్లున దుంకినయి.

సీటు బిగించి బ్యాటరీ కలిపినం.
రెండో నంబరు ఒత్తితే
సీటు ఆమె ఎత్తుకు వచ్చి ఆగింది.
ఒకటో నంబరు ఒత్తినోడు తోఫాజుల్, ఊకెనే.
సీటు మెల్లగ వెనక్కి పోయింది,
ఇంకా పోయింది, కిందికి దిగింది,
కొంచెం వాలింది.
కాళ్లు పొడుగున్న మనిషెవరో
ఇప్పుడే కూసున్నట్టు.
మోటరు సప్పుడు ఆగినంక
షెడ్డుల ఎవ్వరం మాట్లాడలె.

"ఒకటి తుడిచెయ్యాల్నా?"
నా వంకర అరబ్బీల అడిగిన.
"ఖల్లీ" అన్నది.
ఉండనీయి.

పన్నెండు రియాళ్లు ఇచ్చి,
కళ్లజోడు తీసుకొని,
దిండ్లు మరిచి పోయింది.

ఒకటి తోఫాజుల్ తీసుకున్నడు, ఒకటి నేను.
రూముల నా మంచం స్పాంజికి
నాకంటె ముందటోని గుంత ఉన్నది,
నా నడుము అండ్ల సరిగ పట్టదు.
దిండు ఆ గుంతల పెడదామని వంగి,
ఎందుకో పెట్టలె.
తల కింద పెట్టుకొని పండిన.