మాట విననిది

జమ్మలమడుగు నుంచి ఫోన్ చేసినావే పిల్లా,
పేరు కూడా చెప్పకుండా అడిగినావు:
"అక్కా, కుక్కకు నేర్పేవాణ్ణి ఎట్ల నమ్మాల?"
కుట్టుమిషను ఆపి చెప్తాండా, ఇను.

మొదటోడు అనంతపురంలో దొరికినాడు.
వాని కార్డు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండె,
వేలితో తడిమి మురిసిపోయినా.
"పదహైదు రోజులు, గ్యారంటీ మేడం" అనె.
నా చూపు ఎట్ల పోయిందో అడగల్యా,
మా సందు ఎంత వెడల్పో అడగల్యా,
ఎన్ని కంతుల్లో కడతావని మాత్రం రెండుసార్లు అడిగె.
నలభై వేలు. మా యమ్మ కమ్మలు అమ్మి కట్టినా.

ఎర్ర కోటు తొడిగిన కుక్క వచ్చె.
మూడో దినం పొద్దున్నే
మటన్ అంగడి కాడ ఎముక వాసనకు
నన్ను ఈడ్చుకొని ఉరికె.
మోకాళ్ళు రెండూ తాడిపత్రి రోడ్డుకు అప్పజెప్పినా.
వాని ఫోను స్విచ్చాఫ్.
కుక్కదేం తప్పు పాపం?
కోటు తొడిగితే చదువొస్తాదా, మనిషికైనా?
అదిప్పుడు బండల ఫ్యాక్టరీలో వాచ్‌మన్ కాడ సుఖంగా ఉంది.
కోటు విప్పి నేను బియ్యం సంచి కుట్టుకున్నా.

రెండోవాడు ఓబులపతి.
పోలీసు కుక్కలతో ఇరవై రెండేండ్లు తిరిగి
గుత్తి కోట కింద సీతాఫలం చెట్లు పెంచుకునే మనిషి.
"నా వల్ల కాదేమో" అనేదే ఆయన మొదటి మాట.
"పోలీసు కుక్క దొంగను పట్టాల,
నీ కుక్క నిన్ను కాపాడాల. ఆ చదువు వేరే" అన్నాడు.
అది నేర్చుకునేదానికి బెంగుళూరు పోయి
మనవళ్ళ ఈడు పిల్లోళ్ళ పక్కన మూడు నెలలు కూచొచ్చినాడు,
నా కాడ రూపాయి తీసుకోకముందే.

వచ్చిన దినం కుక్కను తేల్యా.
తువ్వాలతో తన కండ్లు కట్టుకొని
సందు చివర్నుంచి నా అంగడిదాకా నడిచినాడు.
చెప్తాంటే ఇనకుండా పోయి
కరెంటు స్తంభం స్టే వైరుకు నుదురు కొట్టుకున్నాడు.
పసుపు పెడతాంటే నవ్వె:
"కుక్క తలకాయ మూరెడు ఎత్తులో ఉంటాదమ్మా,
నీ తలకాయ ఎత్తు దానికి నేర్పాల."
ఆడ నమ్మినా నేను.

మూడు కుక్కల్ని వద్దన్నాడు.
ఒకటి ఆటో హారనుకు వణికె.
ఒకటి కోడిని చూస్తే లోకం మరిచె.
ఇంకొకటి బంగారం, ఎవరు పిలిచినా పోతాది.
"ఊరందరినీ ప్రేమించేదానికి ఈ ఉద్యోగం రాదు" అన్నాడు.
నాలుగోది పెన్న ఇసుకలో పుట్టిన ఊరకుక్క. పేరు గవ్వ.
ఏడాదిన్నర పట్టె.
నడుమ దాని పట్టీ తెగితే నేనే కుట్టినా,
జంట దారం వేసి, వేళ్ళతో చూసుకుంటా.

గుంతకల్లు బస్సులో కండక్టరు
"దీనికీ టికెట్టు కొట్టాల" అన్నాడు.
"కొట్టు నాయనా, కిటికీ సీటియ్యి" అన్నా.
బిస్కెట్లు చూపే పిల్లోళ్ళకు చెప్తా:
పట్టీ ఉన్నంతసేపు అది డ్యూటీలో ఉన్నట్టు,
పలకరించొద్దండి.
ఇంటికి రాండి, విప్పినంక అదీ మీ లెక్క పిల్లే.

మొన్నటి సంగతి చెప్పి పెట్టేస్తా.
పొద్దుగూకి అంగడి మూసి వస్తాండా.
"పద" అన్నా. గవ్వ నిలబడె.
మళ్ళా పద అన్నా. కసిరినా. పట్టీ ముందుకు తోసినా.
నా మోకాళ్ళకు అడ్డం తిరిగి నిలబడె.
ఎముక వాసనేమోనని పాత కోపం లేచె.
కట్టెతో ముందు తడిమితే
నేల తగల్యా.
కాలవ మీది బండ ఎవరో ఎత్తుకపోయినారు.
దేశమంతా మా ఊరి బండలే పరుస్తారు,
మా కాలవల మీద మాత్రం ఒకటి నిలవదు.

ఓబులపతికి ఫోన్ చేస్తే తాపీగా అనె:
"మాట వినేది ఆరు వారాల్లో నేర్పొచ్చు తల్లీ.
వినకూడని మాట ఏదో తెలిసేదానికే
ఏడాది పట్టింది దానికి, నాకూ."

అందుకే పిల్లా, నీకు దొరికినోణ్ణి ఇది అడుగు:
నీ కుక్క నాకెప్పుడు ఎదురు తిరుగుతాది?
ఎప్పటికీ తిరగదు అంటే
ఫోన్ పెట్టెయ్యి.

ఉండు,
గవ్వ నీళ్ళ గిన్నె జరుపుతాంది.