నాలుగో వల

అక్టోబరు పదమూడు. ఎస్టోనియా పడమటి కొస.
చెక్క గదిలో కిటికీ బార్లా తెరిచే ఉంది.
దోమ ఒకటి నా మోచేతి మీద వాలింది.
ఈ నెలలో దోమను చూడ్డం
నా ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఇదే మొదలు.

ఉన్ని టోపీలు మేకులకు వేలాడుతున్నాయి
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
గుమ్మం పక్క లిలాక్ పొద
వసంతమనుకుని మొగ్గ తొడిగింది.
సముద్రం, పొయ్యి దించి మరిచిపోయిన పాలు,
మీగడ కట్టి కదలకుండా ఉంది.

గంటకోసారి హెయికి వలల దాకా వెళ్ళొస్తాడు.
భుజాన ఖాళీ సంచులు,
ఉర్వె పాత దిండు గలీబులు కత్తిరించి కుట్టినవి,
ఒకదాని మీద ఇంకా సగం గులాబీ.

"ఒకటో వల?"
"ఏం లేదు."
"రెండు?"
"సాలెగూడు."
"మూడు?"
"ఒక బిర్చ్ ఆకు. అదీ పచ్చిదే."

నేను పెన్ను మూత పెట్టబోతే
ఉర్వె కళ్ళద్దాల మీదుగా చూసింది.
"సున్నా కూడా రాయాలి, లెహ్తె.
రాయకపోతే,
పిట్ట రాలేదో మనమే రాలేదో
రేపెవరికి తెలుస్తుంది?"

సున్నా చుట్టాను.
ఏడింటికి, ఎనిమిదింటికి, తొమ్మిదింటికి.
పుస్తకంలో ఏదో కోడి గుడ్లు పెట్టి పోయినట్టుంది.

పోయినేడు ఇదే తారీఖున
ఉత్తరపు గాలి తలుపును కాలితో తన్నింది.
నాలుగొందల పన్నెండు పిట్టలు.
మేకులు చాలక
సంచుల్ని మెళ్ళో వేసుకుని కూర్చున్నాం,
నా గుండె మీద ఇంకో ఆరు గుండెలు, నాకంటే తొందరగా.
ఉర్వె చెబుతూ పోయింది:
రెక్క యాభై నాలుగు, కొవ్వు మూడు, బరువు అయిదున్నర.
కొయ్యబారిన వేళ్ళతో నేను గిలుకుతూ పోయాను.

పదకొండింటికి హెయికి పరిగెత్తుకొచ్చాడు.
నాలుగో వల, కింది అర.
సగం గులాబీ కదులుతోంది.

బంగారు సిగ పిట్ట.
మా వాళ్ళు దీన్ని బొటనవేలి అబ్బాయి అంటారు,
ఆడదైనా అబ్బాయే.
ఉర్వె రెండు వేళ్ళ సందున మెడ ఇమిడింది.
కాలికి అప్పటికే కడియం,
కందిగింజ తూగని అల్యూమినియం కడియం.
భూతద్దంలోంచి నంబరు చదివి
"మనదే" అంది.

పాత పుస్తకం తీశాను.
పేజీ మీద నా ముక్కు కారిన మరక,
గాలికి పడిపోబోతున్న అక్షరాలు.
ఆ నంబరు ఎదురుగా "ఆడ" అని ఉంది.

ఉర్వె ఏమీ అనలేదు.
పెదాలు సున్నాలా చుట్టి నడినెత్తిన ఊదింది.
పసుపు పాపిట విడిపోయింది.
అడుగున నిప్పు.

మగ.

తను తప్పు చూసిందో, నేను తప్పు విన్నానో!
ఆ గాలినే అడగాలి, ఈ ఏడు అదీ రాలేదు.
ఏయే అడవులు తిరిగొచ్చాడో
అయిదు గ్రాముల ఒంటితో
మా పొరపాటును వెంటేసుకుని.
"ఎర్ర సిరా ఇటివ్వు," అంది ఉర్వె.

పొట్ట మీద ఊదితే
పల్చటి గులాబీ చర్మం. కొవ్వు సున్నా.
ప్రయాణానికి సద్ది కట్టుకోలేదు.
ఎందుకు కట్టుకుంటాడు?
వడ్డించిన విస్తరి ఎదురుగానే ఉంది.

కిటికీలోంచి చెయ్యి చాపి గుప్పిట విప్పాను.
అరచేతిలో కాసేపు కూర్చున్నాడు,
బరువని చెప్పలేని బరువు.
తర్వాత ఎదుటి జూనిపర్ మీదికి పోయి
చిన్న ఈగల్ని ఏరుకు తినడం మొదలెట్టాడు.
దక్షిణం వైపు చూడనైనా లేదు.

ఉర్వె స్వెటర్ విప్పి కుర్చీకి తగిలించింది.
డెబ్బై ఒకటో ఏట ఆమె మోచేతులకు
అక్టోబరు ఎండ తగిలింది.
సంతోషించాలో లేదో తెలియనట్టు
వాటినే కాసేపు చూసుకుంది.

"వాతావరణం గడిలో ఏం రాయను?"
"ఉన్నదే రాయి."
గాలి లేదు. వేడి పద్దెనిమిది. దోమలు.
దోమలకు గడి లేదు, అంచున రాశాను.

పన్నెండింటికి
హెయికి ఖాళీ సంచులతో తిరిగొచ్చాడు.
సున్నా చుట్టాను,
ఈసారి నెమ్మదిగా,
రెండు కొసలూ కలిసేదాకా.