ఇరవై నాలుగు

బందరు రోడ్డు ఇండోర్ స్టేడియంలో
నాకిచ్చిన దేశం రెండు బటన్లు.
ఒకటి నొక్కితే ఇరవై నాలుగు,
ఒకటి నొక్కితే పద్నాలుగు.
ఎర్రంకెలు దిగుతుంటాయి,
సున్నా దగ్గర బూర అరుస్తుంది.
బంతి అందిన ఏ పిల్లకైనా అంతే గడువు.
రింగుని తాకి వెనక్కొస్తే మాత్రం
మళ్ళీ పద్నాలుగు.
తాకకపోతే ఏమీ ఇవ్వకూడదు.
(రూలు పుస్తకంలో నాకు బాగా నచ్చిన మాట అది.
నచ్చిందని ఎవరికీ చెప్పలేదు.)

గుంటూరులో ఏడింటి నాన్‌స్టాప్.
నల్లప్యాంటు మడిచిన సంచి చంకన పెట్టుకుని
కాజ టోల్‌గేటు దాకా నిల్చునే.
అక్కడ ఒకామె కాస్త జరిగి చోటిచ్చి
"ఏం పరీక్షమ్మా?" అంది.
నలభై ఆరేళ్ళదాన్ని, నవ్వొచ్చింది.
"ఆసియా ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్."
"మనోళ్ళూ ఆడతారా?"

నేనూ ఆడాను.
తెనాలి, సిమెంటు కోర్టు, జిల్లా ఫైనలు.
గాల్లోకి లేచాను గానీ
దిగినప్పుడు నా మోకాలు నాతో దిగలేదు.
అమ్మ ఆముదం రాసి, ఇటికరాయి కాపడం పెట్టి
"ఇంక బంతి జోలికి పోకు" అంది.
పోలేదు.
బంతి పక్కన కూర్చునే పనికి పోయాను.

లోపల ఏసీ చలి.
చెక్కనేల మీద బూట్లు కొత్త చెప్పుల్లా కీచుమంటున్నాయి.
మంగోలియా అమ్మాయిలు మజ్జిగ ప్యాకెట్టు
పళ్ళతో కొరికి చింపడం
మా వాలంటీరు కుర్రాళ్ళ దగ్గర నేర్చేసుకున్నారు.
మైకు పట్టినవాడు తొమ్మిదో నంబరు పేరుని
మూడుసార్లు మూడు రకాలుగా విరిచాడు.
ఎంఖ్‌జిన్. కాగితం చూసి నేను లోపలే పలికాను.
పొట్టిది. కుడి మోకాలికి నల్లపట్టీ.
ఎగిరి దిగిన ప్రతిసారీ
ఎడమపాదమే ముందు ఆన్చుతోంది.
ఆ లెక్క నాకు తెలుసు.

మనవాళ్ళు గెలుస్తున్నారు.
స్కూలు బస్సుల్లో వచ్చిన పిల్లలు
ఇండియా, ఇండియా అని కుర్చీలు చరుస్తున్నారు.
టేబుల్ దగ్గరివాళ్ళం చప్పట్లు కొట్టకూడదు.
అయ్యో అనకూడదు.
మా నలుగురివీ పాస్‌పోర్టు ఫోటో మొహాలు.

తేడా ముప్పై ఒకటి.
ఆట ఇంకా నిమిషం పది.
బంతి ఎంఖ్‌జిన్ చేతికొచ్చింది.
నా బొటనవేలు రావాల్సిన వేళకి రాలేదు.

పొరపాటు కాదు.
ఒకే ఒక్క సెకను
ఇరవై నాలుగు ఇరవై నాలుగుగానే నిలబడి
తర్వాత దిగింది.

ఆమె ఒకరిని తప్పించింది,
ఇంకొకరి భుజం కిందనుంచి దూరింది,
దారి లేక వెనక్కి తిరిగింది,
ఎర్రంకె ఒకటి మిగిలుండగా
బంతిని వదిలేసింది.
తడిగుడ్డ జాడించినట్టు నెట్టు చప్పుడు.
ముప్పై ఒకటి ఇరవై తొమ్మిదయింది.

ఎవరి కొంపా మునగలేదు.
ఆమె నావైపు చూడలేదు, ఎందుకు చూస్తుంది?
ఎడమపాదం మీద దిగి
తన రింగు కాచుకోడానికి వెనక్కి పరిగెత్తింది.
పక్కన స్కోరు రాసే సలోమి గారు మాత్రం పెన్ను ఆపి
నా బొటనవేలిని చూశారు.
పెన్ను మళ్ళీ నడిచింది.

రాత్రి వారధి మీద బస్సు.
కింద కృష్ణలో నీళ్ళు తక్కువ, ఇసక ఎక్కువ.
ఆ సెకను ఎవరి దగ్గర్నుంచి తీసిచ్చానో
మంగళగిరి దాటినా తేలలేదు.
మనవాళ్ళదా? తెనాలిదా?
తప్పు తప్పే.
రూలు పుస్తకం సంచిలోనే ఉంది,
తీయలేదు.

పొద్దున సంగడిగుంట మునిసిపల్ స్కూల్లో
వంగిన రింగు, నెట్టు ఊడి మూడేళ్ళు.
యార్డు నుంచి మిర్చి ఘాటు కొట్టినప్పుడల్లా
ఆట ఆపి వరసగా తుముతారు మా పిల్లలు.
"ఎవరు గెలిచారు మేడం?"
"మనమే."
"మరట్లా ఉన్నారేం?"

రిజ్వానా బంతి పట్టుకుని
ఎటు వెయ్యాలో తేల్చుకోలేక నిలబడింది.
రోజూ అయితే ఈపాటికి ఈల ఊదేసి
"నీకోసం ఆగుద్దా ఆట?" అని అరిచేదాన్ని.
ఈల నోట్లోనే ఉంది, ఉప్పగా.
పిల్ల రింగు వంక చూసింది,
నా వంక చూసింది,
గట్టిగా తుమ్మింది.

తుమ్ము లెక్కలోకి రాదులే,
కానీయ్, అన్నాను.